నడిపేవారి వివరాలు

"బండి ఎవరు నడుపుతారన్నది తర్వాత సంగతిరా. ముందు ఏ బండి అన్నది తేలాలి" అన్నారు మామగారు, ఖాళీ టీ కప్పు గాల్లోకి చాపి. ఆ ఇంట్లో ఖాళీ కప్పుని ఎటు చాపినా ఫరవాలేదు, అది కోడలి చేతిలోకే వెళుతుంది. వెళుతుందని తెలుసు గనుక ఆయన తల తిప్పి చూడలేదు కూడా. కోడలు అప్పుడే పొలం నుంచి వచ్చి, పెరటి గుమ్మంలో కూర్చుని గమ్‌బూట్లు ఊడదీసుకుంటోంది. ఒక బూటు కాలికి ఉండగానే లేచి, కుంటుకుంటూ వచ్చి కప్పు అందుకుంది. "బూటుతో లోపలికొస్తావేంటమ్మాయ్, బురద" అన్నారాయన. అబద్ధమేమీ కాదు. బురద ఉంది.

మూడు వారాలుగా ఆ ఇంట్లో ఒకటే చర్చ. పదకొండేళ్ళ పాత ఏటీవీ, అదే, పొలం పనులకి వాడే నాలుగు లావు చక్రాల బండి, ఇక నా వల్ల కాదని మొరాయిస్తోంది. కొత్తది కొనాలి. కొత్తవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి ఆటోమేటిక్. గేర్ల గోల లేదు, కుడి బొటనవేలితో నొక్కితే పోతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. రెండోది ఎలక్ట్రిక్ షిఫ్ట్. గేర్లుంటాయి గానీ వాటిని కాలితో తన్నక్కర్లేదు. ఎడమచేతి దగ్గర రెండు బటన్లుంటాయి, ఒకటి నొక్కితే గేరు పైకి, ఇంకోటి నొక్కితే కిందికి. ఈ రెండింట్లో ఏది అన్నదే ప్రశ్న. పెళ్ళి సంబంధం చూసినప్పుడు కూడా ఆ ఇంట్లో ఇంత ఆలోచించలేదు. అప్పుడు ఒక్క సాయంత్రంలో తేలిపోయింది.

చర్చలో ముగ్గురు, అత్తగారిని ఎవరూ పిలవలేదు. మామగారికి డెబ్బై నాలుగేళ్ళు, పాత బండి మీద ఆయన ఒక్కసారి కూర్చున్నారు, ఫొటో కోసం. భర్తకి విత్తనాల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, స్నేహితులొచ్చిన రోజున బండెక్కి పొలం చూపిస్తాడు. మరిది వేరే ఊళ్ళో ఉంటాడు, వారానికోసారి వచ్చి వెళతాడు. బండి నడపడు గానీ బండ్ల మీద వీడియోలు చూస్తాడు. వాటిని ఒకటిన్నర రెట్లు వేగంతో చూస్తాడు కాబట్టి మిగతావాళ్ళకంటే ఆ మేరకు ఎక్కువ తెలుసని ఇంటిల్లిపాదికీ నమ్మకం.

రోజూ నడిపేది కోడలు. ఇదేమీ దాచిపెట్టిన రహస్యం కాదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటుందని ఎలా తెలుసో ఇదీ అందరికీ అలాగే తెలుసు. ఆగిపోయిన రోజునే వినపడుతుంది.

వాళ్ళ పొలం కొండవాలు మీద ఉంది. కింద ఇల్లు, ఇంటి పక్కన దూడల కొట్టం, పైన మేత, ఆ పైన బోరు. మధ్యలో పదకొండు గేట్లు. గేటంటే చూసేవాళ్ళకి ఒక గేటు. ఆమెకి మాత్రం ఆగడం, దిగడం, తీయడం, ఎక్కడం, దాటించడం, ఆగడం, దిగడం, వేయడం, ఎక్కడం. పోయేటప్పుడు పదకొండుసార్లు, వచ్చేటప్పుడు పదకొండుసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. భర్త బండెక్కిన రోజున మాత్రం ఆ పొలంలో గేట్లుండవు. అంటే ఉంటాయి, వెనక కూర్చున్న ఆమె దిగి తీస్తుంది. "మన పొలం చుట్టి రావడం ఎంతసేపురా, ఇట్టే అయిపోతుంది" అని అతను స్నేహితులతో చెప్పడం ఆమె ఐదో గేటు దగ్గర గొళ్ళెం పెడుతూ విన్నది.

అన్నిటికంటే కష్టం నీళ్ళు. బోరు కొండ మీద, తాగే దూడలు కొండ కింద. పైపు వేయిద్దామని పెళ్ళయిన ఏడాది నుంచీ అనుకుంటున్నారు. ఇంకా అనుకుంటూనే ఉన్నారు. ఈలోగా ఆమె బండికి ట్రైలరు తగిలించి, మూడు వందల లీటర్ల ట్యాంకు పైన నింపుకుని, కిందికి దిగుతుంది. దిగేటప్పుడు ఒకటో గేరులో పెట్టి వదిలేయాలి. ఇంజనే బండిని చొక్కా పట్టుకుని ఆపినట్టు ఆపుతూ దింపుతుంది. బ్రేకుల్ని నమ్ముకుంటే ట్రైలరు వెనకనుంచి తోస్తుంది, ముఖ్యంగా ఏడో గేటు పైన, దారి వాలి, వాలినచోటే తిరిగేచోట. ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది ముంజేతి మీద పడిన కుట్లు చెప్పాయి. ఇక ఆ ఒకటో గేరు వేయడానికీ తీయడానికీ బూటు ముందుభాగంతో లీవరుని పైకి ఎత్తీ ఎత్తీ ఎడమకాలి బొటనవేలి గోరు నల్లబడింది, ఊడింది, మళ్ళీ వచ్చి మళ్ళీ నల్లబడింది. ఆ గోరు ఇప్పటికి నాలుగోది.

అందుకే బటన్ గేరు అన్నమాట చెవిన పడగానే ఆమెకి తేలిపోయింది. కాలికి పని తప్పుతుంది, వాలులో ఇంజను పట్టుకుంటుంది. ఇంకేం కావాలి. మూడు వారాల చర్చకి సరిపడా విషయం ఆమెకి ఒక నిమిషంలో అయిపోయింది. ఆ నిమిషం సంగతి భర్తతో చెప్పింది కూడా. "ఏమండీ, బరువుతో దిగేటప్పుడు గేరుండాలండీ." అతను ఫోనులోంచి తలెత్తకుండా, "అవన్నీ మేం చూస్తున్నాంలే, నువ్వు కంగారుపడకు" అన్నాడు. ఆమె కంగారు పడలేదు. పదకొండేళ్ళు నడిపిన మనిషి ఒక ముక్క చెబితే దాన్ని కంగారంటారని ఆ రోజు తెలిసింది. తర్వాతి వారం మరిదితో అంది. "వదినా, మీరనేది పాత టెక్నాలజీ" అన్నాడతను. ఆమె గోరు మాత్రం కొత్తదే, నాలుగోది.

ఒక ఆదివారం షోరూమ్ మేనేజరు రెండు బండ్లూ లారీలో వేసుకుని వచ్చాడు. నున్నగా గీసుకున్న గడ్డం, జేబులో రెండు పెన్నులు. బండ్లని ఇంటి ముందు చదునైన దారిలో దించారు. భర్త రెండూ నడిపాడు. మరిది రెండూ నడుపుతూ వీడియో తీసుకున్నాడు. మామగారు రెండింటి సీట్లూ నొక్కి చూశారు. ఆమె నాలుగు టీలు, రెండు రకాల బిస్కెట్లు తెచ్చింది. ట్రే పట్టుకునే, "ఈ ఆటోమేటిక్‌లో, వెనక మూడు వందల లీటర్ల బరువుతో వాలు దిగుతున్నప్పుడు వేలు వదిలేస్తే బండి పట్టుకుంటుందా, జారుతుందా?" అని అడిగింది.

మేనేజరు టీ అందుకుని, భర్త వైపు తిరిగి, "మంచి ప్రశ్న సార్" అన్నాడు. "బాగా మెల్లగా పోతున్నప్పుడు ఇంజను పట్టు కొంచెం వదిలేసినట్టు ఉంటుంది సార్. లో మోడ్‌లో పెట్టుకుని, అంటే తక్కువ స్పీడులో ఉంచి దిగాలి. మరీ బరువులు దింపేవాళ్ళయితే ఎలక్ట్రిక్ షిఫ్టే చెబుతాం సార్."

"బ్రేకులుంటాయి కదా" అన్నాడు భర్త.

"బ్రేకులు ఉంటాయి సార్."

"మరింకేం" అని భర్త నవ్వాడు. మేనేజరు కూడా నవ్వాడు. అడిగింది ఆమె, జవాబు అతనికి, నవ్వు ఇద్దరిది. ఆమెకి మిగిలింది ట్రే.

తర్వాత పాత బండిని చూశారు, దాన్ని ఇచ్చేసి కొత్తది తీసుకోవాలి కదా. మేనేజరు వంగి, ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపించే మీటరు మీది దుమ్ము తుడిచాడు. "తొమ్మిది వేల ఆరు వందల పన్నెండు గంటలు" అని చదివి, చేతిలోని కాగితం చూసి, మళ్ళీ మీటరు చూశాడు. "సార్, మీరు వాడకం రోజుకి అరగంటని చెప్పారు. ఆ లెక్కన పదకొండేళ్ళకి రెండు వేలు రావాలి."

ముగ్గురు మగవాళ్ళూ మీటరు చుట్టూ మూగారు. ఆమె కొంచెం వెనగ్గా నిలబడింది. మునివేళ్ళ మీద లేచి, వాళ్ళ భుజాల మీదుగా ఆ అంకె తనూ చదువుకుంది. సాక్ష్యం ఉందని ఆమెకి అంతవరకూ తెలియదు. తన జీవితంలో పని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు పక్కన కూర్చుని లెక్క రాసుకుంటున్నారని, ఆ లెక్క దుమ్ము కింద పదిలంగా ఉందని తెలిస్తే ఎవరికైనా చదవాలనే ఉంటుంది. ఇప్పుడు ఎవరో ఒకరు తల తిప్పి తన వైపు చూస్తారు. చూసి, ఏమనక్కర్లేదు, ఊరికే ఓహో అంటే చాలు.

మరిది మీటరు మీద వేలితో కొట్టాడు. "పాడైపోయుంటుంది."

"అంతే అయ్యుంటుంది" అన్నాడు భర్త. "ఎక్కడ తొమ్మిది వేలు."

"పాత మోడళ్ళలో ఈ కంప్లయింటు ఉంటుంది సార్" అన్నాడు మేనేజరు, కొనేవాడి మాట కాదనలేక, రెండు వేలని రాసుకుంటూ.

మామగారు కళ్ళద్దాలు తుడుచుకుని ఆఖరి మాట చెప్పారు. "ఆ రోజుల్లో వస్తువులు గట్టివి గానీ మీటర్లు నమ్మలేం."

అలా ఏడు వేల ఆరు వందల పన్నెండు గంటలు, నిలబడ్డ చోట నిలబడ్డట్టే పోయాయి. ఆమెకి కోపం రావడానికి కూడా కొంచెం టైం పట్టింది. తిడితే వచ్చే కోపం వేరు, దానికి అలవాటు ఉంది, వెంటనే వస్తుంది. ఇది తిట్టు కాదు. ఇనుముతో చేసిన యంత్రం పొరపాటు పడిందని నమ్మడానికి నలుగురు చదువుకున్నవాళ్ళకి అర నిమిషం పట్టలేదు. ఇంటి మనిషి పని చేసి ఉండొచ్చన్న ఆలోచన మాత్రం అందులో ఒక్కరికీ రాలేదు. వాళ్ళు అబద్ధమాడి ఉంటే ఆమెకి ఇంత మండేది కాదు. నిజాయితీగా అన్నారు. మీటరు పాడైందని మనసా వాచా నమ్మి అన్నారు.

ఆ తర్వాత ఫారం. "నడిపేవారి వివరాలు" అని పైన పెద్దక్షరాలు, కింద మూడు గడులు. "ఇది జాగ్రత్తగా నింపాలి సార్" అన్నాడు మేనేజరు. "ఇందులో పేరున్నవాళ్ళకే మేం ట్రైనింగిచ్చి సర్టిఫికెట్ ఇస్తాం. పేరు లేనివాళ్ళు నడిపి ఏదైనా అయితే ఇన్సూరెన్సు వర్తించదు. ఎవరెవరు నడుపుతారు సార్?"

"నాన్నగారి పేరు ముందు రాయండి" అన్నాడు భర్త. పెద్దాయన కదా. తర్వాత తన పేరు. మూడో గడి దగ్గర ఆగాడు. ఆమె ట్రే కింద పెట్టింది. "మా తమ్ముడిది రాయండి. లేకపోతే ఫీలవుతాడు."

"ఇంకెవరూ నడపరు కదా సార్? కావాలంటే ఇంకో కాగితం జతచేస్తాను."

"అబ్బే. మేం ముగ్గురమే."

"అత్యవసర సమయంలో ఫోన్ చేయాల్సినవాళ్ళు?"

"మా ఆవిడ నంబరు రాసుకోండి" అన్నాడు భర్త ధారాళంగా. "తనెప్పుడూ ఇంట్లోనే ఉంటుంది."

ఇక ఏ బండి అన్నది మిగిలింది. మరిది ఆటోమేటిక్ అన్నాడు. భర్త బటన్ గేరన్నాడు. ఆమె ఆశగా చూసింది గానీ, "గేరుంటేనే మగాడి బండి" అని అతను కారణం చెప్పాక ఆశకి కొంచెం సిగ్గేసింది. తీర్పు మామగారిది. ఆయన చాలాసేపు ఆలోచించి, కోడలి వైపు దయగా చూసి, "అప్పుడప్పుడూ అమ్మాయి కూడా నడుపుతుంది కదరా. ఆడపిల్ల, గేర్లతో ఏం తంటాలు పడుతుంది. ఆటోమేటిక్కే తీసుకోండి" అన్నారు. భర్త త్యాగం చేసినవాడిలా తలూపి, "సరే, నీ కోసమే ఒప్పుకుంటున్నా" అన్నాడు ఆమెతో. ముగ్గురూ ఆమె వైపు చూస్తూ ఆగారు. కాసేపటికి గానీ ఆమెకి అర్థం కాలేదు, థాంక్స్ కోసం ఆగారని.

ఆ వారమంతా ఆమె రెండు మాటలు నములుతూ తిరిగింది. అప్పుడప్పుడూ. కూడా. గేటు తీస్తూ అప్పుడప్పుడూ, గేటు వేస్తూ కూడా. అప్పుడప్పుడూ అంటే రోజుకి రెండుసార్లు అన్నమాట. కూడా అంటే ఒక్కతే అన్నమాట. పెళ్ళికి ముందు ఆమె బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పేది. ఎవడైనా రెండుని సున్నా అని రాస్తే చెవి మెలిపెట్టేది. ఇక్కడ మెలిపెట్టడానికి అందే చెవులు లేవు, అన్నీ తనకంటే పెద్దవాళ్ళవి, ఒక్క మరిదిది తప్ప. తనకి అన్యాయం జరిగిందని అరవాలంటే ఏమని అరవాలి? నా కోసం బండి కొన్నారని అరవాలా? చుట్టాల్లో చెబితే, నీకేమ్మా, ఆటోమేటిక్ కొనిపెట్టారు అంటారు. వాళ్ళు నోరు మూయించే పద్ధతే అంత, ముందు బహుమతి ఇస్తారు. ఇక ఆ బహుమతితో ఏడో గేటు దగ్గర దొర్లి పడ్డా, పేరు లేని మనిషి పడింది కాబట్టి పడనట్టే. ఆ ఆలోచన వచ్చిన రోజున ఆమె బండి ఆపి, ఏడో గేటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. అక్కడే ఒక నిర్ణయానికి వచ్చింది. పెద్ద నిర్ణయమేం కాదు. ఫారంలో ఏం రాశారో అది చేద్దామనుకుంది, అంతే.

కొత్త బండి వచ్చేరోజున ఆమె పాత బండి మీద మూడుసార్లు ఎక్కువ తిరిగి కొట్టంలోని తొట్లన్నీ అంచుదాకా నింపింది. దూడలకి ఫారాలు చదవడం రాదు, వాటి నీళ్ళు ఆగకూడదు. మధ్యాహ్నం మేనేజరు కొత్త బండి దించి, పాతది లారీ ఎక్కించి, చదును దారిలో ముగ్గురికీ గంటసేపు ట్రైనింగిచ్చి, ఫొటోలతో సర్టిఫికెట్లిచ్చాడు. మామగారు తనది లామినేషన్ చేయించారు. మరిది తనది ఫోనులో నలుగురికీ పంపి ఊరెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మేనేజరు, "పది గంటలు నడిచేలోపు నచ్చకపోతే రెండో మోడల్‌కి మార్చుకోవచ్చు సార్, ఫారం మళ్ళీ రాసిస్తే చాలు" అని ఒక ఖాళీ ఫారం టేబుల్ మీద పెట్టాడు. "రోజుకి అరగంటే కదా, మీకు ఇరవై రోజులుంది."

మర్నాడు ఐదున్నరకి భర్త వంటింట్లోకి వచ్చేసరికి ఆమె కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. కూర్చుని టీ తాగుతున్న భార్యని చూడటం అలవాటు లేక అతను వాచీ చూసుకున్నాడు.

"ఇంకా వెళ్ళలేదా?"

"లేదండీ."

"దూడలకి నీళ్ళు?"

"తేవాలి."

"మరి?"

"నా పేరు లేదు కదండీ."

"ఎక్కడ?"

ఆమె ఫారం నకలు చూపించింది. అతను చదివి నవ్వాడు. "జోకులొద్దు. అది ఊరికే రాశాం."

"ఊరికే రాసినా ఇన్సూరెన్సు రాదట. ఆయన అడిగారు కూడా, ఇంకెవరైనా నడుపుతారా అని. మీరు లేరన్నారు. నేనక్కడే ఉన్నాను, బిస్కెట్ల దగ్గర."

అతను తండ్రి వైపు చూశాడు. సర్టిఫికెట్ ఉన్న మామగారు పేపరు కొంచెం పైకెత్తుకున్నారు. నిన్నటి పేపరది.

"సరే, దీనికింత రాద్ధాంతమెందుకు. అరగంట పని. నేనే పోయొస్తా" అని అతను బూట్లు వెతికాడు. ఆ ఇంట్లో గమ్‌బూట్లు ఒకటే జత, ఆమె సైజువి. చూస్తూ చూస్తూ అతను తెల్లటి వాకింగ్ షూలు వేసుకున్నాడు.

"ఏమండీ" అంది ఆమె, అతను గుమ్మం దాటుతుంటే. "దిగేటప్పుడు లో మోడ్‌లో పెట్టండి. ఏడో గేటు పైన నిదానం."

"నాకు ట్రైనింగైంది" అన్నాడతను.

ఏడున్నర దాటాక ఆమె ఇంకో కప్పు టీ పెట్టుకుంది. అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. బండి రాకముందు ముప్ఫై ఏళ్ళు ఆ కొండ మీంచి బిందెలతో నీళ్ళు మోసింది ఆవిడే. ఆవిడ మోకాళ్ళకి మీటరు లేదు గనుక పాడైందని కూడా ఎవరూ అనలేదు. "నాకూ కొంచెం పొయ్యమ్మాయ్" అని, తాగి, ఆ ఖాళీ ఫారం కోడలి వైపు జరిపి, తన కొడుకు జేబులోంచి పడిపోయిన పెన్ను తెచ్చి పక్కన పెట్టారు.

ఆమె రాయడం మొదలుపెట్టింది. మోడల్: ఎలక్ట్రిక్ షిఫ్ట్. నడిపేవారి వివరాలు, మొదటి గడిలో తన పేరు. చాలా రోజులైంది తన పేరు తను రాసుకుని, చివరి అక్షరం కొంచెం వంకరపోయింది. రెండో గడి, మూడో గడి కొట్టేసింది. వాడకం దగ్గర పాత మీటరు అంకెని రోజులతో భాగించి, రెండున్నర గంటలని రాసింది. అత్యవసరం దగ్గర భర్త నంబరు రాస్తుండగా ఆ నంబరు నుంచే ఫోనొచ్చింది.

"ఎత్తు" అన్నారు అత్తగారు. "అది మాత్రం నీ డ్యూటీయే. ఫారంలో ఉంది."

"ఎక్కడున్నావ్?" భర్త గొంతులో రొప్పు.

"ఇంట్లోనే. ఎప్పుడూ ఉంటాగా."

"ఏడో గేటు దగ్గర బండి జారిపోయింది. బ్రేకేసినా వెనక నుంచి తోసేసింది. ట్రైలరు పడిపోయింది, నీళ్ళన్నీ పోయాయి."

"మీకేమైనా తగిలిందా?" ఆమె లేచి నిలబడింది.

"లేదు. తడిశాను. బురద. కిందికి ఇంకా ఎన్ని గేట్లున్నాయి?"

"ఆరు. అంతకంటే ముందు పైకెళ్ళి మళ్ళీ నింపుకోవాలి."

ఎక్కడో దూరంగా ఆవు అరిచింది. తర్వాత అతను, తనతో తను అనుకుంటున్నట్టు, "నిన్నటి ట్రైనింగ్ గంట తీసేసినా అప్పుడే రెండు గంటలు దాటిందే. మీటరు చూపిస్తోంది. సగం పని కూడా కాలేదు" అన్నాడు.

ఆమె కూర్చుంది. ఫారం మీద సిరా ఆరిందో లేదో వేలితో చూసుకుంది. ఆరింది.

"అరగంట పనే కదండీ" అంది. "మీటరు పాడైపోయుంటుంది."